స్వదేశం తప్ప

మస్కట్‌లో మలయాళీలు ఒకరికొకరు ఎదురుపడితే బాగున్నారా అని అడగరు. "ఊరెప్పుడు?" అని అడుగుతారు. కూరల కొట్లో అడుగుతారు, లిఫ్టులో అడుగుతారు, ఇక్కడి సెలవురోజు శుక్రవారం చర్చిలో వెనక బెంచీ నుంచి ప్రార్థన మధ్యలో వంగి మరీ అడుగుతారు. నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. విరిగిన చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా నా కోటు మీద శోశమ్మ అన్న పేరు చూడగానే మూలుగు ఆపి, "చేచ్చీ, ఊరెప్పుడు?" అంటారు. చేచ్చి అంటే అక్క. ఊపిరి బిగపట్టమంటాను. చేతి ఎముకకి ఊపిరితో పని లేదు. నోరు మూయించడానికి నాకు వేరే దారి లేదు.

ఈసారి మాత్రం నా దగ్గర జవాబుంది. "ఈసారి ఊరు కాదు, జార్జియా." ఆ మాట అనడం కోసమే రెండు వారాలు కనపడినవాళ్ళందరి ముందూ కావాలని నిలబడ్డాను.

పెళ్ళయి ఈ దేశం వచ్చినప్పటినుంచీ మాకు దొరికిన ప్రతి సెలవూ రాన్నికే పోయింది. రాన్ని మా ఆయన ఊరు, పంపానది ఒడ్డున. సెలవు ఇచ్చేది కంపెనీ, తీసుకునేది మేము, మింగేది మాత్రం రాన్ని. దిగిన మర్నాడే ఆయన చర్చి వెనకున్న వాళ్ళ కుటుంబ సమాధికి సున్నం వేయిస్తారు. అందులో ఆయన తాత, తండ్రి ఉన్నారు. తన అర ఏదో కూడా ఆయనకి తెలుసు. గోడ వైపు, పైది, గాలి తగిలేది. వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపిస్తారు. నేను దాన్ని కిటికీ పక్క సీటు అంటాను. ఆ తరవాత చుట్టాల ఇళ్ళు, పాలపొడి డబ్బా ఎవరికి చిన్నది ఇచ్చామో ఎవరికి పెద్దది ఇచ్చామో అన్న పంచాయితీలు. అక్కడ మేడ కట్టించుకున్నాం. పైభాగం మాది. కింద మా ఆడపడుచు తంకమ్మ చేచ్చి ఉంటుంది. నా పాస్‌పోర్టు నిండా ముద్రలే. అన్నీ ఈ దేశానివీ, ఇండియావీనే.

వచ్చే ఏడు ఆయన రిటైరవుతారు. ఆ రోజుతో వీసా పోతుంది, రాన్నికి మకాం మార్చేస్తాం. ఇక సెలవన్న మాటే ఉండదు, పొద్దున లేస్తే ఊరే. అంటే ఇది మా ఆఖరి సెలవు. నా మోకాలి ఎక్స్‌రే నేనే చూసుకున్నాను, అది కూడా ఆఖరి సెలవు మీదే ఉంది. కొండ మీద మంచు పడుతుంటే నిలబడి చూడాలని నాకు చిన్నప్పటినుంచీ ఉన్న కోరిక. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

మా ఆయన ఈపెన్ ఒక సిమెంటు కంపెనీలో స్టోర్సు చూస్తారు. ఒక మేకు ఇవ్వాలన్నా మూడు సంతకాలు అడిగే మనిషి. అలాంటాయన జార్జియా అనగానే "సరే" అన్నారు. ఆ సరే దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. "టికెట్ల సంగతి నేను చూసుకుంటాలే" అన్నప్పుడైనా రావాల్సింది. సంతోషంలో కళ్ళు మూసుకుపోయాయి.

అక్కడ దిగాలంటే ప్రయాణ బీమా తప్పనిసరి అన్నారు. మా చర్చి పాటల బృందంలో సాజన్ అని ఒకడున్నాడు. పాటలో ఎప్పుడూ మిగతావాళ్ళకన్నా ఒక మాట ముందుంటాడు. వారమంతా బీమాలు అమ్ముతాడు. ఆదివారం ఫోన్ చేసి ఆయన్ని వివరాలు అడిగాడు. నేను వంటింట్లో ఉన్నాను, వినలేదు. సోమవారం నాకు ఫోన్ చేశాడు.

"చేచ్చీ, పాలసీ తిరిగొచ్చింది. ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు."

"నవ్వడానికేముందిరా అందులో?"

"నివాసం ఎక్కడ అంటే అచ్చాయన్ రాన్ని అని చెప్పారు. రాన్నిలో కాపురముండే మనిషి మస్కట్‌లో విమానం ఎక్కుతున్నాడంటే ఇల్లు వదిలి ఎప్పుడో బయల్దేరినట్టే కదా? బయల్దేరిపోయాక బీమా ఇవ్వరు చేచ్చీ. ఇల్లు అంటుకున్నాక అగ్గి బీమా అడిగినట్టుంది."

సాయంత్రం ఆయన వచ్చి చొక్కా విప్పకముందే పట్టుకున్నాను. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో భర్తనీ, వయసులో పెద్దవాళ్ళయిన మగవాళ్ళనీ అచ్చాయా అని పిలుస్తాం. పిలుపులో అంత గౌరవం ఉంది కాబట్టి ఆ తరవాత ఏమన్నా చెల్లిపోతుంది.

"అచ్చాయా, మీరెక్కడుంటారు?"

"అదేం ప్రశ్నే? రాన్నిలో."

"ఇప్పుడెక్కడున్నారు?"

"మస్కట్‌లో."

"ఎప్పటినుంచి?"

"మన పెళ్ళికి ముందునుంచి."

"అయితే ఎక్కడుంటున్నట్టు?"

"రాన్నిలో," అన్నారు, ఇంత చిన్న విషయం అర్థం కాదేమిటన్నట్టు. "ఇక్కడ మనం ఉంటున్నామటే? పని చేస్తున్నాం. ఉండటం వేరు, పని చేయటం వేరు."

"మరి ఈ సోఫా ఎందుకు కొన్నట్టు?"

"పని చేసి వచ్చాక కూర్చోడానికి."

ఇలాంటి మనిషితో వాదించడం కన్నా గోడకి ఎక్స్‌రే తీయడం నయం. సాజన్‌కి ఫోన్ చేసి, ఈసారి ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని రాయమన్నాను. నివాసం మస్కట్, రూవీ వీధి, మూడో అంతస్తు అని నేనే చెప్పాను.

మంగళవారం సాయంత్రం వచ్చాడు. ఉడకబెట్టిన కర్రపెండలం, వంజరం చేపల పులుసు పెట్టాను. తింటూ ఎడమచేత్తో కంప్యూటరు తెరిచాడు. వెండి, బంగారం, వజ్రం అని మూడు రకాల పాలసీలున్నాయన్నాడు. నగల కొట్టువాడు కూడా ఇంత తిప్పలు పెట్టడు.

"వెండిలో పెట్టె పోతే ఇస్తారు. బంగారంలో పెట్టె ఆలస్యమైనా ఇస్తారు. వజ్రంలో గోల్ఫ్ కర్రలు విరిగితే కొత్తవి ఇస్తారు."

"మాకు గోల్ఫ్ కర్రలెక్కడివిరా?"

"కొనుక్కుంటే విరుగుతాయి కదా చేచ్చీ."

"నా మోకాలి సంగతి చెప్పు."

"పాత నొప్పి అయితే రాదు. కొత్తగా రావాలి."

"పాత మోకాలికి కొత్త నొప్పి వస్తే?"

సాజన్ నమలడం ఆపి ఆలోచించాడు. "అది ఆఫీసులో అడగాలి."

"మంచులో జారిపడితే?"

"జారిపడితే వస్తుంది. కావాలని జారితే రాదు. కాళ్ళకి చెక్కలు కట్టుకుని జారతారే, అది వేరే పాలసీ."

నాకు నెత్తి వాచిపోయింది. నేను మంచుని చూడ్డానికి పోతున్నాను, దాని మీద ఊరేగడానికి కాదు. మా ఆయన ఈ గొడవ తనది కానట్టు పడక్కుర్చీలో మలయాళ పేపరు అడ్డం పెట్టుకుని, చావు ప్రకటనల పేజీ చదువుతున్నారు. పొద్దున చదివిందే. తెలిసినవాళ్ళెవరైనా సాయంత్రానికి కొత్తగా చేరారేమో అని చూస్తున్నారు కాబోలు.

"సరే, బంగారం రాయి," అన్నాను. "ఎక్కడెక్కడ చెల్లుతుంది?"

"ప్రపంచమంతా చెల్లుతుంది చేచ్చీ. స్వదేశం తప్ప."

"ఏమన్నావు?"

"స్వదేశం తప్ప. అంటే ఇండియాలో ఏం జరిగినా మా కంపెనీకి పూచీ లేదు."

నాకు నవ్వాగలేదు. ఎంత తెలివైన కంపెనీ! మా జీవితంలో జరిగిన నష్టాలన్నీ సెలవుకి ఊరెళ్ళినప్పుడు జరిగినవే. పనసకాయ ఎత్తబోయి ఆయన నడుం పట్టేసింది రాన్నిలో. నన్ను కుక్క కరిచింది రాన్నిలో, అదీ బావగారి కుక్క. హద్దు రాయి గురించి పిన్నత్త కొడుకు కోర్టుకి లాగింది, మేడ స్లాబు వేసిన రోజు తుపాను వచ్చింది, ఒక సెలవంతా చికున్‌గున్యాతో మంచం మీద గడిపింది, అంతా అక్కడే. మస్కట్‌లో ఇన్నేళ్ళలో నాకు జలుబు తప్ప ఏమీ రాలేదు. ఆ కంపెనీలో ఎవరో మలయాళీ ఉండి ఉంటాడు. అనుభవం లేనిదే ఆ మాట రాయలేరు.

"నవ్వుతావేమే?" అన్నారు పేపరు వెనకనుంచి.

"ఏం లేదు. మీ రాన్నికి బీమా ఇవ్వరట."

సాజన్ ఏదో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "అదేంటి, తీసుకోవట్లేదు... ఆఁ, అర్థమైంది. అచ్చాయా, మీరు పంపిన టికెట్లో ఆఖరి దిగుడు కొచ్చి కదా? ప్రయాణం మొదలైనచోటే ముగియాలి. అందుకే పడట్లేదు."

పేపరు కదలడం మానేసింది.

"ఏ కొచ్చి?" అన్నాను.

"జార్జియా నుంచి కొచ్చికి. శనివారం ఇక్కడ బయల్దేరి బుధవారం అక్కడ..." సాజన్ నా మొహం చూశాడు. కర్రపెండలం ముక్క నోట్లో పెట్టుకుని, ఇక మాట్లాడే పని లేకుండా చూసుకున్నాడు.

"అచ్చాయా, పేపరు దించండి."

దించారు. పద్దులో సిమెంటు బస్తాలు తక్కువైనప్పుడు పెట్టే మొహం పెట్టారు.

"జార్జియాలో ఎన్నాళ్ళుంటాం?"

"మూడు రోజులే. మంచు ఎన్నాళ్ళు చూసినా తెల్లగానే ఉంటుంది కదే. ఆ పైన ఊళ్ళో చర్చి పండగ ఉంది. దారిలోదే కదా అని..."

"దారిలోదా? మస్కట్ నుంచి పైకి పోయి, మళ్ళీ మస్కట్ మీదుగానే కిందికి దిగి పోవాలి రాన్నికి! పక్కింటికి పోతూ పొరుగూరు దారిలోదే అన్నట్టుంది."

"సెలవంతా పరాయి దేశంలో తగలేస్తే ఊళ్ళో ఏమనుకుంటారే? సున్నం కూడా వెయ్యాలి."

"నాకు చెప్పకుండా ఎందుకు చేశారు?"

"చెబితే ఒప్పుకోవుగా."

ఇంకేం చెప్తాం? ఇంత నిజాయితీగా మోసం చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. "సాజన్, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"రెండే దారులు చేచ్చీ. కొచ్చి తీసేసి మస్కట్‌కి తిరుగు టికెట్ మార్చుకుంటే ఇప్పుడే పాలసీ ఇస్తా. కొచ్చి ఉంటే పాలసీ లేదు. పాలసీ లేకపోతే జార్జియా లేదు."

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే జార్జియా మానేద్దాం," అన్నారు. పెట్రోలు బంకులో వరస పెద్దదిగా ఉంటే ఇంకో బంకుకి పోదామన్నట్టు.

అప్పటిదాకా నాకు ఒళ్ళు మండింది. ఆ మాటతో మంట కూడా ఆరిపోయింది. ఏడుపొచ్చింది. పరాయి కుర్రాడి ముందు ఏడవడం ఇష్టం లేక పులుసు గిన్నె మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.

"అచ్చాయా," అన్నాను, "వచ్చే ఏడు నుంచి నేను చచ్చేదాకా రాన్నిలోనే ఉంటాను. రోజూ మీ అక్కయ్య మొహం చూస్తాను, మీ సున్నం చూస్తాను. కాదన్నానా? ఈ ఒక్క సెలవు నాకు కావాలి. ఇన్నేళ్ళలో నాకంటూ అడిగింది ఇదొక్కటే. ఇది కూడా దారిలో పడేసి పోతారా?"

ఆయన పేపరు మడిచారు. చాలా జాగ్రత్తగా, పాత మడతల మీదే మడిచారు.

"మా చేచ్చికి మాటిచ్చానే," అన్నారు చివరికి. "మనకోసం ఎదురు చూస్తుంటుంది. రావట్లేదని ఏ నోటితో చెప్పను?"

"నా నోటితో చెప్తాను," అని ఫోను తీశాను. అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాను.

"చేచ్చీ, శోశమ్మని."

"ఆఁ, చెప్పమ్మా. దిగేది బుధవారమేగా?" ఆవిడ వెనకాల కోళ్ళు అరుస్తున్నాయి.

"ఈసారి రావట్లేదు చేచ్చీ. కుదరలేదు."

"రావట్లేదా? హమ్మయ్య!"

మస్కట్‌లో సాజన్ నమలడం మానేశాడు. రాన్నిలో కోళ్ళు కూడా ఆగిపోయినట్టు అనిపించింది.

"అదే... అయ్యో అనబోయానమ్మా," అంది తంకమ్మ చేచ్చి గబగబా. "మా అమ్మాయి లిజీ అత్తగారివాళ్ళు పండక్కొస్తున్నారు. పైన మీ గదులిస్తానని ఎప్పుడో చెప్పేశా. ఇంతలో ఈపెన్ ఫోన్ చేసి వస్తున్నాం అన్నాడు. వాళ్ళనెక్కడ పెట్టాలి, మిమ్మల్నెక్కడ పెట్టాలి అని నాకు నిద్ర లేదనుకో. పోనీలే, దేవుడు చల్లగా చూశాడు. తమ్ముడు కులాసాయేనా? ఎవరైనా వస్తుంటే పాలపొడి పంపించు. పెద్ద డబ్బా."

ఫోను పెట్టేశాక నేను గెలిచాననుకోవాలి. ఆయన లేచి పంపు దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. ఆయన అసలు అన్నానికి కూర్చోనేలేదు, చేతికి కడగడానికేమీ లేదు. చాలాసేపు కడుక్కున్నారు. ఆ వీపు చూస్తుంటే నాకు తంకమ్మ చేచ్చి మీద, పంపానది మీద, ఆ పాలపొడి కనిపెట్టినవాడి మీద కూడా కోపమొచ్చింది. ఇన్నేళ్ళు ఉండటం వేరు, పని చేయటం వేరు అని ఈ మనిషి దాచుకున్నదంతా ఒక్క హమ్మయ్యలో పోయింది.

వచ్చి కూర్చుని, "టికెట్ మార్చెయ్ సాజన్," అన్నారు. "తిరుగు మస్కట్‌కే. మధ్యలో రోజులన్నీ జార్జియాకే ఇచ్చెయ్."

సాజన్ అక్కడికక్కడే కంప్యూటర్లో టికెట్ మార్చాడు. ఈసారి పాలసీ ముందుకి కదిలింది. గొంతు సవరించుకున్నాడు. పాట మొదలుపెట్టే ముందు సవరించుకున్నట్టే, అందరికన్నా ముందు.

"ఆఖరి ప్రశ్న. అడగడం నా ధర్మం, ఏమీ అనుకోకండి. దేవుడి దయవల్ల అలాంటిదేమీ జరగదు. కానీ అక్కడ ఎవరికైనా ఏదైనా అయిపోతే... మనిషిని ఎక్కడికి చేర్చాలి? నివాస దేశానికా, స్వదేశానికా? ఒకటే రాయాలి. అంటే, ఈ ఒక్కదానికి మాత్రం స్వదేశం చెల్లుతుంది."

అంతకుముందు రోజైతే ఆ ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేది. చర్చి పేరు, సమాధి దారి, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా చెప్పేవారు. ఇప్పుడు బల్ల మీద ఉన్న ఫోను వైపు చూశారు.

"మస్కట్ అని రాసెయ్," అన్నారు. "ఎవరికీ ఇబ్బంది ఉండదు."

నాకు ఎక్కడలేని చిరాకొచ్చింది. ఈ మనిషితో ఓడితే ఒక బాధ, గెలిస్తే ఇంకో బాధ. గెలుపుని కూడా నోట్లో పెట్టుకోనివ్వరు. మంచు కావాలన్నాను కానీ, ఆయన గోడ వైపు అర లాక్కోమని నేనెవరినీ అడగలేదు.

"సాజన్, అది కొట్టెయ్," అన్నాను. "ఇద్దరికీ రాన్ని అని రాయి. ఏటేటా ఆ సమాధికి సున్నం వేయించింది ఈయన. చేచ్చి తన చుట్టాలకి పైగదులు ఇచ్చుకుంటే ఇచ్చుకోనీ, అది మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వను. బతికున్నన్నాళ్ళూ ఎక్కడికెళ్ళాలో నేను చెప్తాను. పోయాక ఆయనిష్టం."

"అంత రాయడానికి ఇందులో చోటు లేదు చేచ్చీ. ఇండియా అని కొట్టనా?"

"కొట్టు."

కొట్టాడు. పాలసీ వచ్చింది. సాజన్ మిగిలిన పులుసు కూడా వేసుకున్నాడు. ఆయన నా వైపు చూడకుండా పేపరు మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు.

"శోశా," అన్నారు కాసేపటికి, "కిటికీ పక్క సీటు నువ్వే తీసుకో."

"ఎక్కడిది? విమానంలోదా, రాన్నిలోదా?"

మేకు ఇవ్వడానికి మూడు సంతకాలు అడిగే మనిషి కదా, బాగా ఆలోచించారు.

"విమానంలోది," అన్నారు. "రాన్నిలోది నాదే."